ఇనుము వెండిలా మెరవదు: మూడు నకలు .303 రైఫిళ్లకు లోహపు రంగు వేసిన పని

తెలంగాణ సాయుధ పోరాటం మీద నాటకం. కథాకాలం 1946–48. నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో ఆరుబయట వేదికల మీద ఆడేది. అందులో మూడు రైఫిళ్లు కావాలి: రెండు రజాకార్ల చేతుల్లో, ఒకటి వాళ్ల దగ్గర నుంచి దళం గుంజుకున్నది. మూడూ లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 నమూనా, జనం ‘త్రీ నాట్ త్రీ’ అనేది. అసలు తుపాకి పొడవు 1132 మిల్లీమీటర్లు, బరువు 3.9 కిలోల దాకా ఉంటుంది.

రంగు పనికి వచ్చేసరికి నకళ్లు తయారై ఉన్నాయి. భుజానికి ఆనే కుందా, ముందు కట్టె మామిడి చెక్కతో వడ్రంగి చెక్కినవి. తూటాను లోపలికి నెట్టే బోల్ట్, తూటాలుండే మ్యాగజైన్, ట్రిగ్గర్ గార్డ్, మూతి దగ్గరి నోస్ క్యాప్, గురిచూసే సైట్లు త్రీడీ ప్రింటర్ మీద పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో తీసినవి, పొర మందం 0.2 మిల్లీమీటర్లు. లోహం కనిపించాల్సిన చోటల్లా ఎవరో అప్పటికే కుంచెతో అల్యూమినియం పెయింట్ కొట్టి ఉంచారు. ఇంటి గేట్లకు, గ్రిల్లులకు వేసే వెండి రంగు ఎనామెల్ అది. పది అడుగుల దూరం నుంచి చూసినా అవి తుపాకుల్లా లేవు, కొత్తగా బిగించిన నల్లా పైపుల్లా ఉన్నాయి.

ఎందుకు అట్లా కనిపించాయన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా ఎంత ఖరీదైన మెటాలిక్ డబ్బా కొన్నా మళ్లీ నల్లా పైపే అవుతుంది.

తుపాకి ఉక్కును ఉక్కు రంగులో వదిలేయరు, వదిలితే తుప్పు పడుతుంది. అందుకని పై పొరను రసాయనంతో నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా, అంటే మాగ్నటైట్‌గా మారుస్తారు. దీన్నే బ్లూయింగ్ అంటారు. చూడటానికి నలుపే, వెలుతురు పడిన వంపులో మాత్రం కొంచెం నీలమో గోధుమో తొంగిచూస్తుంది. ఆ పొర మైక్రాన్లలో లెక్కపెట్టేంత పలుచన. చెయ్యి తగిలే చోట, తోలు పట్టీ రాసుకునే చోట ఏళ్ల తరబడి అరిగి, కింది తెల్ల ఉక్కు మెల్లగా బయటపడుతుంది. నలుపు నుంచి తెలుపుకు మధ్యలో గీత ఉండదు, మబ్బు విడిపోయినట్టు ఉంటుంది.

మోడల్ బొమ్మలకు రంగులు వేసేవాళ్లు చాలామంది ఇక్కడే పొరపడతారు. రాళ్ల ఉప్పు అద్ది పైన రంగు కొట్టి, ఉప్పు రాల్చేసి పెచ్చులూడినట్టు చూపిస్తారు. స్పాంజి ముక్కతో వెండి చుక్కలు పెడతారు. పెచ్చులూడేది పెయింటు. ట్యాంకుకో, లారీకో, ట్రాక్టర్ మడ్‌గార్డుకో అది సరిపోతుంది. బ్లూయింగ్ పెచ్చులూడదు, అరుగుతుంది. అంచు తెగినట్టున్న వెండి మచ్చ తుపాకి మీద ఒక్కటున్నా ‘ఇది ప్లాస్టిక్’ అని చెప్పేస్తుంది.

బిద్రీ సామాను చూసినవాళ్లకు ఈ లెక్క తొందరగా ఎక్కుతుంది. అక్కడ వెండికి అందం వచ్చేది చుట్టూ ఉన్న నలుపు వల్లనే. కాబట్టి ఈ పనిలో తొమ్మిది వంతులు నలుపు, ఒక వంతు తెలుపు. ఆ ఒక వంతు ఎక్కడ పడాలన్నదే అసలు పని.

పాత రంగు తీయడం

పీఎల్‌ఏ మీది ఎనామెల్‌ను థిన్నర్‌తో తుడిచేద్దామని అందరికీ అనిపిస్తుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ఉండే అసిటేట్లు, కీటోన్ల వంటి ద్రావకాలు పీఎల్‌ఏను మెత్తబరుస్తాయి. రంగు పోతుంది గానీ కింది అంచులు మైనంలా గుండ్రబడతాయి, సైటు మీది గాట్లు పూడిపోతాయి. అందుకే మొత్తం రుద్దే తీయాల్సి వచ్చింది. 180 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి వాడే ఉప్పు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ నునుపు) మొదలుపెట్టి 240 దాకా, తడిపి మాత్రమే. పొడిగా గట్టిగా రుద్దితే రాపిడి వేడికే పీఎల్‌ఏ కరిగి కాగితానికి అంటుకుని, ఉపరితలం మీద ఉండలు కడుతుంది. మూడు రైఫిళ్ల భాగాలకు ఒక మనిషికి రెండు రోజులు పట్టింది.

రుద్దడానికి బోరు నీళ్లు వాడొద్దు. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, ఇక్కడి ఇబ్బంది మాత్రం దానితో కాదు, నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలతో. ఆరాక తెల్లటి పొడిలా మిగులుతాయి. బకెట్ అడుగున కట్టే పెచ్చు అదే. దాని మీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పొర) పడితే మొదటి వారం ఏమీ తెలియదు. వాన కాలం తేమకు ఆ ఉప్పు నీటిని లాక్కుని, రంగు కింద ఆవగింజలంత బొబ్బలు లేపుతుంది. రుద్దడం బోరు నీళ్లతో అయినా, ఆఖరి కడుగుడు ఆర్వో నీళ్లతోనో బ్యాటరీ నీళ్లతోనో కావాలి. మూడు రైఫిళ్లకు రెండు లీటర్లు చాలు. ఆ తర్వాత నూలు బట్టతో అద్ది, రాత్రంతా నీడలో ఆరబెట్టాలి.

పొర గీతలు పూడ్చడం

పీఎల్‌ఏ మీది 0.2 మిల్లీమీటర్ గీతలు వట్టి కంటికి పెద్దగా కనిపించవు. నల్ల గ్లాస్ (బాగా మెరిసే) రంగు పడగానే గ్రామఫోన్ రికార్డులా లేస్తాయి. అసలు మ్యాగజైన్ ఒత్తిన రేకు. దాని మీద అడ్డగీతలు ఉండే ప్రశ్నే లేదు.

పెద్ద గుంతలకు, అతుకులకు కారు డెంటింగ్ షాపుల్లో వాడే మెటల్ పేస్ట్ వాడాలి. మామూలుగా 100 గ్రాములకు 2 గ్రాముల హార్డెనర్ కలుపుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ లెక్కన కలిపితే కత్తి మీదికి తీసుకునేలోపే గడ్డకడుతుంది. 1 నుంచి 1.5 గ్రాములు చాలు, ఒక్కసారికి నిమ్మకాయంత ముద్ద కన్నా ఎక్కువ కలపొద్దు. సన్న గీతలకు ఎన్‌సీ పుట్టీ, అదే పెయింటర్లు లప్పం అనేది. దీన్ని వేలితో గోకినంత పలుచగా పూయాలి. దీనిలో ద్రావకం ఎగిరిపోతూ ముద్ద కుదించుకుపోతుంది. మందంగా పూస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. మనం రుద్ది, ప్రైమర్ కొట్టి, నలుపు కూడా కొట్టాక నాలుగు రోజులకు లోపలికి కుంగి, పాత గీత మళ్లీ తేలుతుంది. పలుచగా మూడు చేతులు, మధ్యలో గంటన్నర విరామం. మూడో దాని తర్వాత ఒక రోజు వదిలేయాలి.

దాని మీద ప్రైమర్ సర్ఫేసర్ మూడు కోట్లు, పది నిమిషాలకొకటి, 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి. ఆరాక నల్ల స్ప్రే దూరం నుంచి చుక్కలు పడేట్టు ఒక్కసారి విసరాలి. ఇది గైడ్ కోట్. 400 వాటర్ పేపర్‌తో రుద్దితే ఎత్తు మీది నలుపు పోతుంది, పల్లంలోది మిగులుతుంది. నల్ల చుక్క మిగిలిన ప్రతి చోటా ఇంకా గుంత ఉన్నట్టే. అక్కడ లప్పం పెట్టి మళ్లీ మొదటికి రావాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేస్తే తర్వాత ఏ రంగూ కాపాడదు. మూడింటికి 400 మిల్లీలీటర్ల ప్రైమర్ డబ్బాలు రెండు పట్టాయి. సన్నటి భాగాలు కావడంతో సగం ప్రైమర్ గాలికే పోయింది.

నలుపు

అసలు ఉక్కు పూర్తి మ్యాట్ (మెరుపు లేనిది) కాదు, పూర్తి గ్లాస్ కాదు. సాటిన్ నలుపు డబ్బా దొరికితే సరే. ఇక్కడ గ్లాసే కొట్టి, తర్వాత మెరుపు చంపడం జరిగింది. దానికి కారణం ఉంది. మ్యాట్ రంగు పొర గరుకుగా ఉంటుంది, చేతి చెమట, నూనె పట్టేస్తుంది, రుద్దితే మచ్చలు పడుతుంది. గ్లాస్ పొర గట్టిది, రుద్దుడుకు ఆగుతుంది.

పలుచటి కోట్లు మూడు. 48 గంటలు ఆరనిచ్చాక 1500 వాటర్ పేపర్‌తో, ఆ తర్వాత గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో మెల్లగా రుద్దాలి. ఎటు రుద్దుతున్నామన్నది ముఖ్యం. బోల్ట్, దాని గుండు, నోస్ క్యాప్ రంధ్రం చుట్టూ ఉన్న వలయం లేత్ మీద తిప్పిన భాగాలు కాబట్టి గుండ్రంగా, చుట్టూ రుద్దాలి. రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు భాగం), మ్యాగజైన్ పక్కలు పొడవునా రుద్దాలి. ఈ సన్న గీతలు దూరానికి కనిపించవు గానీ, వెలుతురు వాటి వెంట సాగి పొడవాటి మెరుపు గీతలా తేలుతుంది. ‘ఇది చెక్కిన ఉక్కు’ అని కన్ను నమ్మేది ఆ గీతను చూసే.

ఎండాకాలం స్ప్రే పని పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు ముగించుకోవాలి. రెండో రైఫిల్ నోస్ క్యాప్‌కు పదకొండు గంటలప్పుడు కొట్టారు. చుక్కలు గాలిలోనే ఆరిపోయి, ఉపరితలం మీద ఉప్పు కాగితంలా గరుకు తేలింది. దగ్గరి నుంచి కొడితే సరిపోతుందని కొట్టబోతే కారుడు మొదలైంది. ఆ ఒక్క భాగాన్నీ 600తో రుద్ది మర్నాడు మళ్లీ కొట్టడం తప్ప దారి లేదు. వాన కాలంలో తిప్పలు వేరు: ముసురు పట్టిన రోజు కొడితే తేమ పొరలో చిక్కి నలుపు మీద పాల మీగడలాంటి తెలుపు తేలుతుంది.

అరుగుడు ఎక్కడ

బ్రష్ పట్టేముందు తోలు పట్టీ కట్టి, నటుడితో తుపాకిని అరగంట మోయించి చూడటం మంచిది. భుజాన వేసుకున్నప్పుడు ఎక్కడ రాసుకుంటుంది, పరిగెత్తేప్పుడు చెయ్యి ఎక్కడ పట్టుకుంటుంది, నేల మీద పెట్టినప్పుడు ఏ మూల ముందు తగులుతుంది. ఈ నమూనా రైఫిల్‌ను ఒంటి చేత్తో మోసేవాళ్లందరూ మ్యాగజైన్‌కు కాస్త ముందు, బరువు సమంగా తూగే చోట పట్టుకుంటారు. ఆ లెక్కన అరుగుడు పడాల్సినవి: బోల్ట్ గుండు, మ్యాగజైన్ కింది మూలలు, ట్రిగ్గర్ గార్డ్ ముందు వంపు, నోస్ క్యాప్ రెండు పక్కల అంచులు, పట్టీ కొండ్లు. పడకూడనివి: గుంటలు, స్క్రూ తలల చుట్టూ ఉండే మూలలు, సైటు రెక్కల లోపలి వైపు. చెయ్యి చేరని చోట అరుగుడు చూపిస్తే అది రంగు పని అని తెలిసిపోతుంది.

దీనికి గ్రాఫైట్ పొడి ఒక్కటే సరైన సామగ్రి. తాళాలకు వేసే పొడి దొరికితే అది, లేకుంటే 6బీ పెన్సిల్ ముల్లును 400 కాగితం మీద అరగదీసిన పొడి. ఒక్కో రైఫిల్‌కు 5 గ్రాములు మిగిలిపోయేంత. వేలికి పాత బనియన్ గుడ్డ చుట్టి, పొడిలో అద్ది, అంచు మీద పెట్టి లోపలి వైపుకు తేలిపోయేట్టు రుద్దాలి. ఎంత రుద్దితే అంత లోహం అవుతుంది. గ్రాఫైట్ పలకలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని మెరుపు తెచ్చుకుంటాయి కాబట్టి ఇది లోహాన్ని అనుకరించే రంగు కాదు, తన సొంత లోహపు మెరుపు ఉన్న పదార్థం. కింద పూర్తి గ్లాస్ ఉంటే పొడి జారిపోతుంది. పూర్తి మ్యాట్ ఉంటే పలక మీద బలపం పూసినట్టు బూడిద రంగు తేలుతుంది. 1500తో రుద్దిన నలుపు దీనికి సరిగ్గా సరిపోతుంది.

గుంటల్లో మాత్రం మురికి కావాలి. నూనె పూసిన తుపాకి మీద దుమ్ము పేరుకుంటుంది, ఈ ప్రాంతంలో ఆ దుమ్ము చెలక నేల ఎర్రమట్టి. కొనే పిగ్మెంట్ల కన్నా మన మట్టే నయం: ఎండబెట్టి, దంచి, ధోవతి గుడ్డలో జల్లించిన పొడి చెంచాడు, నల్ల అక్రిలిక్ రంగు అర చెంచా, నీళ్లు నాలుగు చెంచాలు. గుంటల్లో పూసి, రెండు నిమిషాలకు పైపై తుడిచేస్తే లోపలి గీతల్లో మాత్రమే మిగులుతుంది. ఎక్కువ పూస్తే తుప్పు పట్టిన తుపాకిలా కనిపిస్తుంది. సైనికుడు రోజూ తుడిచే ఆయుధం మీద తుప్పు ఉండదు. రజాకార్ల రైఫిళ్ల మీద మట్టి దాదాపు లేదు. దళం చేతికొచ్చిన మూడో దాని మీద కొంచెం ఎక్కువ పెట్టింది కావాలనే.

సీలు వేయడం దగ్గర వచ్చిన చిక్కు

గ్రాఫైట్ మీద సీలుగా స్ప్రే క్లియర్ (రంగు లేని వార్నిష్) కొడితే మెరుపు చచ్చిపోతుంది. క్లియర్ పొడి రేణువుల మధ్యకు దిగి వాటిని తడిపేస్తుంది, లోహం పోయి ముదురు బూడిద రంగు మిగులుతుంది. ముందు ప్లాస్టిక్ చెంచాల మీద కొట్టి చూశాం కాబట్టి తుపాకులు బతికాయి. ఏ కొత్త పొర వేయాలన్నా చెంచా మీద చూడకుండా వేయొద్దు.

సీలు వేయకుండా వదిలేద్దామంటే ఇంకో గొడవ. పల్లె పాత్రలవి తెల్ల ధోవతులు. రిహార్సల్‌లో మూడో రైఫిల్ పట్టుకున్న నటుడి ధోవతి మీద ఐదు వేళ్లూ నల్లగా అచ్చు పడ్డాయి.

అందుకని పని రెండుగా విడిపోయింది. చెయ్యి పడే చోట్ల, అంటే బోల్ట్ గుండు, ట్రిగ్గర్ గార్డ్, మ్యాగజైన్ ముందు భాగంలో గ్రాఫైట్ తుడిచేసి డ్రై బ్రష్ చేయాల్సి వచ్చింది: వెండి అక్రిలిక్ మూడు వంతులు, నలుపు ఒక వంతు, బర్న్ట్ అంబర్ గోధుమ రంగు సూది మొనంత. బ్రష్‌ను రంగులో ముంచి, పాత గుడ్డ మీద దాదాపు ఏమీ మిగలనంత వరకు తుడిచి, అప్పుడు అంచు మీద తేలిగ్గా ఆడించాలి. దాని మీద సాటిన్ క్లియర్ రెండు పలుచటి కోట్లు. ఒక రోజు ఆరాక చెయ్యి పడని అంచులకే మళ్లీ గ్రాఫైట్ రుద్ది, కార్నౌబా కారు మైనం పలుచగా పూసి మెత్తని గుడ్డతో తోమాలి. మైనం మెరుపును పెద్దగా చంపదు, పొడిని పట్టి ఉంచుతుంది. క్లియర్ అంత గట్టి కాదు, అయినా వేదికకు సరిపోతుంది.

ఇత్తడి, కట్టె

ఈ నమూనాలో కుందా చివర ఉండే మడమ పలక ఇత్తడిది. ఇత్తడి రంగు డబ్బాలన్నీ బంగారు రంగువే, ఒక్కటీ ఇత్తడిలా ఉండదు. 0.5 మిల్లీమీటర్ ఇత్తడి రేకు కత్తిరించి, కట్టె అచ్చు మీద తట్టి వంచి, రెండు ఇత్తడి స్క్రూలు బిగిస్తే పని అయిపోయింది. ఒక మూలన నిజమైన లోహం చల్లగా మెరిస్తే పక్కనున్న నకలు లోహం మీద కూడా నమ్మకం కుదురుతుంది. మిగతా స్క్రూలన్నీ, పట్టీ కొండ్లు నిజం ఇనుమువే పెట్టింది ఇందుకే. కొత్త ఇత్తడి మరీ పసుపుగా ఉంటే, మూత ఉన్న డబ్బాలో అడుగున కొంచెం అమోనియా పోసి, దానికి తగలకుండా రేకును పైన వేలాడదీస్తే కొన్ని గంటల్లో మబ్బు పడుతుంది. మరీ నల్లబడితే చింతపండు ఉండనే ఉంది.

మామిడి కట్టెకు వాల్‌నట్ స్టెయిన్ ఒక చేయి, ఉడికించిన అవిసె నూనె మూడు చేతులు. నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూలకు విసరొద్దు. ఆ నూనె ఆరేప్పుడు వేడి పుట్టి గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి, ఇక్కడి ఎండల్లో మరీ. నీళ్లలో ముంచి, పరిచి ఆరేసి, అప్పుడు పారేయాలి.

బరువు సంగతి: కట్టె, ప్లాస్టిక్ కలిపి కిలోన్నర లోపే వచ్చింది. అంత తేలిక వస్తువును నటుడు ఎత్తే తీరులోనే తెలిసిపోతుంది, రంగు దాన్ని దాచలేదు. ముందు కట్టెలో కాలువ తొలిచి 12 మిల్లీమీటర్ల సలాక 60 సెంటీమీటర్లు పెడితే దాదాపు అర కిలో పెరిగింది. ఇంకా పెంచితే జనం మధ్య జారిపడినప్పుడు ప్రమాదం.

వేడి, రవాణా, పోలీసులు

పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన డీసీఎం వ్యాన్ డబ్బాలో ఆ వేడి తేలిగ్గా దాటుతుంది, నల్ల రంగు ఇంకా పీల్చుకుంటుంది. మిర్యాలగూడ ప్రయాణంలో ఒక రైఫిల్ ట్రిగ్గర్ గార్డ్ సామాను బరువుకు వంగింది. వేడి నీళ్లలో మెత్తబరిచి సరిచేస్తే ఆకారం వచ్చింది గానీ రంగు పగిలింది. సన్నటి భాగాలన్నీ పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో మళ్లీ ప్రింట్ చేశారు, అది 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఇప్పుడు మూడింటినీ పాత బొంతలో చుట్టి, పొద్దుగూకాక ఎక్కిస్తున్నారు.

రంగు ఎంత బాగా కుదిరితే జాగ్రత్త అంత పెరగాలి. మూతి రంధ్రం 15 మిల్లీమీటర్ల లోతే, వెనక గట్టి దిమ్మ. అంతకు మించి తొలవొద్దు. నకలును పేలే తుపాకిగా మార్చడానికి 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు కావాలి, ఆ జోలికే పోవద్దు. వేదిక దిగగానే మూతికి నారింజ రంగు బిరడా. ఊళ్లో, బస్టాండులో, బండి మీద బయటికి కనిపించేట్టు పట్టుకెళ్లొద్దు, గుడ్డ సంచిలోనే. ఆడబోయే ఊరి పోలీస్ స్టేషన్‌లో ముందురోజే ఎన్ని నకళ్లు, ఏ తారీఖు, ఎవరి బాధ్యత అని రాసి ఇచ్చి, ఆ కాగితం కాపీ బండిలో ఉంచుతున్నారు.

ఆరు ప్రదర్శనల తర్వాత చూస్తే, క్లియర్ కింద ఉన్న డ్రై బ్రష్ చెక్కుచెదరలేదు. మ్యాగజైన్ మూలల మీది గ్రాఫైట్ సగం పోయింది. నోస్ క్యాప్ ఎడమ అంచున మనం వేయని చోట నిజంగానే నలుపు అరిగి బూడిద రంగు ప్రైమర్ కనిపిస్తోంది, ఎందుకంటే నటులు తుపాకిని గోడకు ఆనించేది ఆ మూల మీదనే. అక్కడ నల్ల మార్కర్‌తో ప్రైమర్ కప్పి, గ్రాఫైట్ రుద్ది, మైనం పూస్తే పది నిమిషాల పని. ప్రతి మూడు ప్రదర్శనలకొకసారి చేసుకోవడానికి చిన్న డబ్బాలో గ్రాఫైట్, మైనం, రెండు గుడ్డ ముక్కలు, నల్ల మార్కర్ తుపాకుల సంచిలోనే పెట్టి ఉన్నాయి.